మూడో గడి

మొన్న ఉగాది మర్నాడు నా పాత శిష్యురాలు ఫోన్ చేసింది. "మాస్టారూ, మా యూనివర్సిటీ, పక్క జిల్లా వ్యవసాయ కళాశాల, ఇక్కడి మెడికల్ కాలేజీ కలిసి బయోఇన్ఫర్మాటిక్స్ కార్యక్రమం పెడుతున్నాయి. నన్ను కో-ఆర్డినేటర్‌ని చేశారు. సలహా మండలి వేయాలట. ఓ పదిమంది పెద్దవాళ్ళ పేర్లు చెప్పండి" అంది. రెండు నిమిషాల్లో పేర్లు చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక మనసు కుదుటపడలేదు. ఆ పిల్లకి కావలసింది పేర్లు కాదు.

నేను వృక్షశాస్త్రం పంతుల్ని. జెన్‌బ్యాంక్ జన్యుక్రమాల సమాచారం సీడీల మీద పోస్టులో వచ్చే రోజుల్లో, మా విభాగంలో కంప్యూటరు ముట్టుకోవడానికి జంకనివాణ్ణి నేనొక్కణ్ణే కావడం వల్ల ఈ బయోఇన్ఫర్మాటిక్స్‌లోకి వచ్చిపడ్డాను. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 1986–87లో బీటీఐఎస్‌నెట్ పేరుతో విద్యాసంస్థల్లో సమాచార కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది. ఆ పుణ్యాన చాలాచోట్ల ఈ విద్యకి ఓ గది, ఓ కంప్యూటరు, ఓ టెలిఫోన్ లైను దొరికాయి. కొన్నేళ్ళు కో-ఆర్డినేటర్‌గా, ఆ తర్వాత సలహా మండళ్ళలో సభ్యుడిగా, అధ్యక్షుడిగా గడిపాను. ఆ అనుభవంలో తేలినవి ఆ అమ్మాయి కోసం, ఆమెలాంటి మరికొందరి కోసం రాస్తున్నాను.

1. సంతకం ఒకరిది, ప్రశ్న ఇంకొకరిది

ఉమ్మడి కార్యక్రమానికి మూడు పీటలు కావాలి. డబ్బు, పోస్టులు, ఒప్పందాల మీద నిర్ణయం తీసుకునే పాలక మండలి ఒకటి. నెలనెలా పని నడిపే కో-ఆర్డినేటర్ల బృందం ఒకటి. కాస్త దూరంగా కూర్చుని "ఇది ఎందుకు చేస్తున్నారు? సరిగ్గానే చేస్తున్నారా?" అని అడిగే సలహా మండలి ఒకటి. మన దగ్గర ఈ మూడింటినీ ఒకే బల్ల చుట్టూ చేర్చి, వైస్ ఛాన్సలర్‌గారిని మధ్యలో కూర్చోబెడితే పని సులువనుకుంటాం.

నేను చూసిన మొదటి మండలి అలాంటిదే. కో-ఆర్డినేటర్ ప్రమోషన్ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో, సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. మూడేళ్ళలో ఒక్క అభ్యంతరం కూడా నమోదు కాలేదు. నాలుగో ఏట ఆడిటర్లు వచ్చి, కొన్న సాఫ్ట్‌వేర్‌లో సగం డబ్బాలు విప్పనే లేదని రాశారు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అధ్యక్షుడు ఆ సంస్థ మనిషి కాకూడదు. సలహా మండలికి కూడా ఆ నియమం మనమే పెట్టుకుంటే మంచిది. ఇంకోటి: ఏ సభ్యుడికైనా ఒక ప్రాజెక్టులో వాటా ఉంటే, దాని మీద చర్చ వచ్చినప్పుడు ఆయన లేచి బయటికి వెళ్ళాలి. "నేను మాట్లాడను లెండి" అంటూ అక్కడే కూర్చుంటే, మిగతావాళ్ళు కూడా మాట్లాడరు.

2. ఉమ్మడి గొర్రె

మూడు సంస్థల గ్రాంటుతో కొన్న సర్వర్ ఒకటి మా భవనంలో ఉండేది. గది, ఏసీ మావి. యూపీఎస్ ఇంకొకరిది. డేటా అందరిదీ. మరమ్మతు ఒప్పందం గడువు తీరాక, పొడిగింపు ఫైలు మూడు కార్యాలయాల మధ్య ఏడు నెలలు తిరిగింది. ప్రతిచోటా ఒకటే నోటు: "సంబంధిత సంస్థ చూసుకోవలెను." మే నెల, వేసవి సెలవులు. ఏసీ ఆగింది. తాళం ఉన్న అటెండరు కూతురి పెళ్ళికి ఊరెళ్ళాడు. తలుపు తీసేసరికి ఎనిమిది డిస్కుల్లో మూడు పోయాయి.

వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద ఒక కుర్రాడు రెండేళ్ళు చేసిన విశ్లేషణ వాటిలోనే ఉంది. ముడి డేటా మళ్ళీ తెచ్చుకోగలిగాం కానీ, చేసిన పని తిరిగి రాలేదు. అతని పీహెచ్‌డీ ఏడాదిన్నర వెనకబడింది. విచారణ కమిటీ ఎవరి తప్పూ లేదని తేల్చింది. నిజమే, అది ఎవరి పనీ కాకపోతే ఎవరి తప్పు అవుతుంది?

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా అమ్మ అంటుండేది. ఆ వేసవి తర్వాత ఏ మండలిలో కూర్చున్నా, మొదటి సమావేశంలోనే ఒక పేజీ పట్టిక అడగడం అలవాటు చేసుకున్నాను. అందులో మూడు గళ్ళు. మొదటి దాంట్లో వస్తువో పనో. రెండో దాంట్లో దానికి జవాబు చెప్పే మనిషి. మూడో దాంట్లో ఆ మనిషి లేనప్పుడు చూసుకునే మనిషి. హోదా రాస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. "విభాగాధిపతి" అని రాశారనుకోండి, ఆ కుర్చీ ఖాళీగా ఉన్న నెలలో సర్వర్ అనాథ అయిపోతుంది. బ్యాకప్ ఎవరిది, పాస్‌వర్డులు ఎవరి దగ్గర, తాళం ఎవరి జేబులో, అన్నిటికీ పేర్లు కావాలి. రెండో గడి అందరూ ఉత్సాహంగా నింపుతారు. మూడో గడి దగ్గరే కలం ఆగుతుంది. అక్కడ ఆగిందంటే, ఆ పని ఒక్క మనిషి ఊపిరి మీద నడుస్తోందని అర్థం.

3. ఆరేడుగురు చాలు

పేరున్నవాళ్ళని పదిహేనుమందిని వేస్తే లెటర్‌హెడ్ నిండుతుంది, కోరమ్ నిండదు. ఆరేడుగురు చాలు. వాళ్ళలో ఒక గణాంకశాస్త్రజ్ఞుడు తప్పకుండా ఉండాలి. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతాను. ఇరవై వేల జన్యువుల్ని నూటికి ఐదు పాళ్ళ గీటురాయి మీద విడివిడిగా పరీక్షించారనుకోండి. జబ్బుకీ వాటికీ ఏ సంబంధం లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా వెయ్యి జన్యువుల దాకా "ముఖ్యం" అని తేలతాయి. దాన్ని సరిదిద్దే పద్ధతులున్నాయి. అవి వాడారా అని అడిగేవాడు గదిలో లేకపోతే, ఆ వెయ్యింటిలోంచి మనకి నచ్చినవి ఏరుకుని కథ అల్లేస్తాం. నేనూ అల్లాను.

రెండోవాడు యంత్రాలు నడిపిన మనిషి. ప్రొఫెసర్ కానక్కర్లేదు. మూడోది, ఫలితం వాడుకునే మనిషి: కొత్త వంగడాలు తీసేవారో, రోగుల్ని చూసే డాక్టరో. మా మండలిలో ఒక వరి బ్రీడర్ ఉండేవారు. గంటసేపు చూపించిన స్లైడ్లన్నీ చూసి, "వీటిలో దేన్ని బట్టి నేను వచ్చే ఖరీఫ్‌లో ఏ మొక్క పీకెయ్యాలో చెప్పండి" అన్నారు. జవాబు లేదు. తర్వాతి రెండేళ్ళ పని ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది.

4. చూపించనిది అడగాలి

సలహా మండలికి కనిపించేది, దాని ముందు పెట్టిన కాగితాలే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఉదంతం ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. కణితిలోని జన్యువుల తీరు చూసి ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పగలమని అక్కడి బృందం ఒకటి 2006లో పత్రాలు ప్రచురించింది. దాని ఆధారంగా రోగుల మీద పరీక్షలూ మొదలయ్యాయి. టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే గణాంకవేత్తలు ఆ లెక్కలు మళ్ళీ వేసి చూశారు. జన్యువుల జాబితా ఒక వరుస జారిపోయింది. మందుకి లొంగే కణాలు, లొంగని కణాలు అన్న గుర్తులు కొన్నిచోట్ల తారుమారయ్యాయి. 2009లో ఈ సంగతి ప్రచురించారు.

విశ్వవిద్యాలయం పరీక్షలు ఆపి, బయటి నిపుణులతో సమీక్ష చేయించి, 2010 మొదట్లో మళ్ళీ మొదలుపెట్టింది. బ్యాగర్లీ కొత్తగా పంపిన అభ్యంతరాలు మాత్రం ఆ నిపుణుల దాకా చేరనివ్వలేదు. ఆ ఏడాదిలోనే పరీక్షలు శాశ్వతంగా ఆగిపోయాయి. పత్రాలు వెనక్కి తీసుకున్నారు.

ఆ నిపుణులు పనికిరానివాళ్ళు కారు. వాళ్ళకి ఇచ్చిన ఫైలే అసంపూర్ణం. అందుకే ప్రతి సమావేశంలో మూడు ప్రశ్నలు అడగమంటాను: ఈ ఆరు నెలల్లో మీ పనిని తప్పుపడుతూ ఎవరైనా రాశారా? ఏ ప్రయోగం పారలేదు? మాకు చూపించకుండా పక్కన పెట్టిందేమిటి? కాగితాలు పది రోజుల ముందు రావాలి. సమావేశం రోజు పొద్దున జీడిపప్పు ప్లేటుతో పాటు వచ్చే ఫైలుని ఎవరూ చదవలేరు. చదవకూడదనే అలా పంపిస్తారు కూడా.

5. చిన్నవాళ్ళతో ఒక అరగంట

ఆ డ్యూక్ ప్రయోగశాలలోనే ఒక వైద్య విద్యార్థి 2008లో తన సందేహాలు కాగితం మీద పెట్టాడు. దాన్ని బయటికి తీసుకెళ్ళవద్దని పైవాళ్ళు నచ్చజెప్పారు. అతను ఆ ప్రయోగశాల వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత ప్రపంచానికి తెలిసినది, ఆ గదిలో ఒక కుర్రాడికి అప్పుడే తెలుసు.

మా దగ్గరా ఒకసారి టీ విరామంలో ఒక ప్రాజెక్ట్ అసిస్టెంటు అమ్మాయి నా పక్కకొచ్చి, ప్లాస్టిక్ కప్పు తిప్పుతూ నిలబడింది. "ఏమ్మా?" అన్నాను. "సార్, మగవాళ్ళవని రాసి ఉన్న నమూనాల్లో కొన్నిటికి వై క్రోమోజోము జాడే లేదు సార్. మా సార్‌కి చెప్పాను. పనయ్యాక చూద్దాంలే అన్నారు" అంది. వెనక్కి వెళ్ళి చూస్తే, గొట్టాల పెట్టె ఒకటి తిరగేసి పెట్టారు. చివరిది మొదటిదైంది. మొదటిది చివరిదైంది. ఒక పెట్టె నిండా పేర్లు తారుమారు. మూడు నెలల పని మళ్ళీ చేశాం. ప్రచురించాక తెలిసుంటే ముప్పై ఏళ్ళ పరువు పోయేది.

అప్పటి నుంచి ప్రతి సమావేశంలో ఒక అరగంట, గైడ్లూ కో-ఆర్డినేటరూ లేకుండా, పరిశోధక విద్యార్థులతో, అసిస్టెంట్లతో మాట్లాడేవాళ్ళం. మొదటిసారి ఎవరూ నోరు విప్పరు. రెండోసారి స్టైపెండ్ రావడం లేదని చెబుతారు. ఆ స్టైపెండ్ సంగతి మనం నిజంగా తేలిస్తే, మూడోసారి సైన్స్ చెబుతారు.

6. అంకె ఎలా వచ్చిందో రాసి ఉండాలి

మన కంది సంగతే చూడండి. "ఆశ" అనే రకం జన్యుపటం 2011–12లో రెండు బృందాల నుంచి వేరువేరుగా వచ్చింది. ఒకటి ఢిల్లీలోని మొక్కల బయోటెక్నాలజీ జాతీయ పరిశోధన కేంద్రం ముందుండి చేసినది. రెండోది మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలో వచ్చినది. ఇక్రిశాట్ లెక్కలో 48,680 జన్యువులు. రెండు లెక్కలూ ఒకటి కావు. అలాగని ఒకరు తప్పు చేశారని కాదు. జన్యువుల్ని పొలంలో మొక్కల్లా లెక్కపెట్టలేం. ఏ ప్రోగ్రాముతో, దాని ఏ వెర్షన్‌తో, ఏ షరతులు పెట్టి వెతికామన్న దాన్ని బట్టి అంకె మారుతుంది. ఆ వివరాలు రాసి ఉంచకపోతే రేపు మన అంకెని మనమే మళ్ళీ రాబట్టలేం.

ఇక ఎక్సెల్. మార్చ్1, సెప్ట్2 అనే జన్యువుల పేర్లు టైపు చేస్తే అది వాటిని తేదీలుగా మార్చేస్తుంది. జన్యువుల జాబితాలు ఎక్సెల్‌లో జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఈ తప్పు ఉందని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే ఆ పేర్లు మార్చుకుంది. సాఫ్ట్‌వేర్ మారలేదని మనిషి జన్యువు పేరు మార్చుకోవాల్సి వచ్చింది!

సలహా మండలి కోడ్ చదవక్కర్లేదు. ఏడాదికి ఒకసారి ఒక పత్రం తీసి, "ఇందులోని రెండో పట్టికని మా ముందు మళ్ళీ రాబట్టండి" అంటే చాలు.

7. పంపకాలు ముందే

పరిశోధన పత్రం మీద పేర్ల వరస దగ్గర విడిపోయిన స్నేహాలు నాకు తెలుసు. నమూనాలు తెచ్చిన డాక్టరు "నేను లేకపోతే డేటా ఎక్కడిది" అంటాడు. విశ్లేషణ చేసినవాడు "నేను లేకపోతే అది ఉత్త అక్షరాల గుట్టే" అంటాడు. ఇద్దరిదీ నిజమే. ఆ నిజం ఒప్పంద పత్రం రాసే రోజున బల్ల మీదికి రావాలి, పరిశోధన పత్రం పంపే రోజున కాదు.

మానవ జన్యుపటం పనిలో ఉన్నవాళ్ళు 1996లో బెర్ముడాలో కూర్చుని, చదివిన క్రమాన్ని 24 గంటల్లో బయటపెట్టాలని ఒప్పుకున్నారు. 2003లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో మరో మర్యాద కుదిరింది: డేటా ముందే తెరిచినవాళ్ళకి దాని మీద మొదటి సమగ్ర విశ్లేషణ ప్రచురించుకునే అవకాశం ఇవ్వాలి. ఇవ్వడానికీ, ఇచ్చినవాడి హక్కుకీ రెండింటికీ అందులో చోటుంది. మన దేశంలోనూ 2021లో జీవశాస్త్ర డేటా పంచుకోవడం మీద బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలు వచ్చాయి. 2022లో ఫరీదాబాద్‌లో భారతీయ జీవశాస్త్ర డేటా కేంద్రం ప్రారంభమైంది. ఇరవై సంస్థలు కలిసి చేసిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది జన్యుక్రమాలు అక్కడే భద్రపరిచింది. కాబట్టి డేటా నా బీరువాలో ఉంటుందనే రోజులు పోయాయి. ఎప్పుడు తెరుస్తాం, ఎవరి పేరు ఎక్కడ, వివాదం వస్తే తీర్చేదెవరు: ఈ మూడూ ఎం.ఓ.యు.లో లేకపోతే ఆ ఎం.ఓ.యు. ఫొటో దిగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

8. నెత్తురు ఇచ్చినవాళ్ళు

చక్కెర జబ్బు మీద ఒక అధ్యయనానికి పల్లెలో నమూనాలు తీస్తున్నారు. నేను చూడడానికి వెళ్ళాను. అంగీకార పత్రం తెలుగులోనే ఉంది కానీ, అది తెలుగని తెలుసుకోవడానికి నాకే కాసేపు పట్టింది. "జన్యుపర బహురూపకతల సహసంబంధ విశ్లేషణ నిమిత్తము" అని మొదలైంది. ఒక ముసలమ్మ వేలిముద్ర వేయబోతూ ఆగి, "ఈ నెత్తురు ఎన్నాళ్ళు ఉంచుకుంటారయ్యా? నేను పోయాక కూడానా?" అంది. యువ డాక్టరు నా వైపు చూశాడు. నేను డాక్టరు వైపు చూశాను.

అమెరికాలో గ్రాండ్ కేన్యన్‌లో నివసించే హవసుపాయ్ తెగవాళ్ళు 1990 నుంచి చక్కెర జబ్బు పరిశోధన అనుకుని రక్తం ఇచ్చారు. దాన్ని మానసిక వ్యాధి మీద, తెగ వలసల మీద పరిశోధనలకు కూడా వాడారని తర్వాత తెలిసింది. కోర్టుకెళ్ళారు. 2010లో అరిజోనా విశ్వవిద్యాలయాల పాలక మండలి ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. అనుమతి ఒక పనికి తీసుకుని, వాడకం ఇంకో పనికి సాగితే జరిగేది ఇదే.

ఉమ్మడి కార్యక్రమంలో ఈ ప్రమాదం ఎక్కువ. నమూనా ఒక సంస్థది, అనుమతి ఇంకో సంస్థది, సర్వర్ మూడో సంస్థది అవుతాయి కనుక. మా మండలి ఆ పల్లెలోని అంగీకార పత్రాన్ని వెనక్కి పంపి, ఊరి అంగన్‌వాడీ టీచరు చేత చదివించి, ఆవిడ తడబడిన చోటల్లా తిరిగి రాయించింది. ముసలమ్మ ప్రశ్నకి జవాబు మొదటి వాక్యంగా పెట్టాం.

9. మార్చి 31 తర్వాత

గ్రాంటు మూడేళ్ళది. డేటాబేస్ మూడేళ్ళది కాదు. జెనీవాలో అమోస్ బైరోక్ 1986లో మొదలుపెట్టిన స్విస్-ప్రాట్ ప్రోటీన్ల భాండాగారం ప్రపంచమంతా రోజూ వాడేది. డబ్బు లేక మూసేయాల్సి వస్తోందని 1996లో ఆయన ప్రకటించాల్సి వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు గగ్గోలు పెడితే నిధులు వచ్చాయి. ఆ సంక్షోభమే 1998లో స్విస్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ పుట్టడానికి దారి తీసింది. అంతటిదానికే ఆ గతి పడితే, మన చిన్న డేటాబేస్ మాటేమిటి?

మార్చి వచ్చిందంటే మన దగ్గర మిగిలిన డబ్బుతో కంప్యూటర్లు కొనేస్తాం, యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపేస్తాం. ఏప్రిల్‌లో వాటిని నడిపే అసిస్టెంటుకి జీతం ఉండదు. మొదటి ఏడాదే అడగండి: గ్రాంటు ఆగిపోతే ఏది నిలబెడతాం, ఏది మర్యాదగా మూసేస్తాం, డేటా ఎక్కడికి పంపుతాం? మూసే దారి తెలియనివాడికి తెరిచే అధికారం ఇవ్వకూడదు.

10. మినిట్స్

అనుకున్నది రాయాలి, రాసింది చేయాలి, చేసింది తర్వాతి సమావేశంలో మొదటి అంశంగా చెప్పాలి. "సభ్యులు ప్రశంసించారు" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయండి.

11. చివరి వరుస

ఒక మండలికి నేను తొమ్మిదేళ్ళు అధ్యక్షుణ్ణి. చివరి రోజుల్లో ఫైళ్ళు ముందుగా చదవడం తగ్గింది. ప్రశ్నలు పాతవే, జవాబులు కూడా నాకు ముందే తెలుసనిపించేది. ఒక సమావేశంలో కొత్తగా చేరిన సభ్యురాలు, వయసులో మా అమ్మాయి కంటే చిన్నది, ఆ మూడు గళ్ళ పట్టిక చేతిలో పట్టుకుని, "సార్, ఒక చిన్న సందేహం" అంది. చెప్పమన్నాను.

"ఇక్కడ చివరి వరుస. సలహా మండలి అధ్యక్షులు అని ఉంది. రెండో గడిలో మీ పేరుంది. మూడో గడి ఖాళీగా ఉంది సార్."

నవ్వేశాను. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. పట్టిక వెనక్కి తిప్పి పాత కాపీలు చూశాను. మొదటి ఏడాది నుంచీ ఆ గడి ఖాళీనే. తాళాలకీ బ్యాటరీలకీ పట్టుబట్టి మూడో గడిలో పేరు రాయించినవాణ్ణి, నా వరుస దగ్గరికొచ్చేసరికి తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ కలం తీయలేదు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ముందే ఆ గడిలో ఆమె పేరు రాశాను. తర్వాతి సమావేశానికి ఆ పేరు రెండో గడిలోకి జరిగింది. మూడో గడి నింపమని ఆమెని అడిగింది నేను కాదు. అప్పటికి నేను గదిలో లేను.